మూత కింద రబ్బరు

ముందే చెప్పేస్తున్నాను, ఇది బీరు గురించిన టపా. తాగేవాళ్ళు ఎగిరి గంతేయకండి, తాగనివాళ్ళు ముఖం తిప్పుకుని వెళ్ళిపోకండి. సగం దాకా వస్తే ఇది పాల గురించి కూడా అని తెలుస్తుంది. చివరిదాకా వస్తే, నేను ఇరవయ్యేడేళ్ళు నోరు మూసుకుని దాచిన ఒక సంగతి కూడా ఉంది.

నేను పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాను. మన వాళ్ళు చాలామంది ఉన్న ఊరే. వారమంతా కోడు, వారాంతం కాస్ట్‌కో, వానాకాలం ఎనిమిది నెలలు. అలాంటి ఊళ్ళో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా. కొందరికి టెలిస్కోపు, కొందరికి పెరట్లో గోంగూర. నాకు ఇంట్లో బీరు కాయడం.

"అది నేరం కాదా?" అని అడుగుతారని తెలుసు. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని ఒప్పుకుంది. 1979 ఫిబ్రవరి నుంచి అమలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అమ్మకూడదు. రాష్ట్రాలు మాత్రం ఒక్కొక్కటే దారికొచ్చాయి. అందరికంటే చివర అలబామా, మిసిసిపీ, 2013లో. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాలు తయారు చేయకూడదు. కాబట్టి మదనపల్లెలో మేడ మీద బీరు కాద్దామని ఎవరికైనా ఆలోచన వస్తే, దయచేసి నా పేరు చెప్పకండి :)

సరే, అసలు విషయానికొద్దాం.

బీరు కాయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడి నీళ్ళలో నానబెడితే తియ్యటి కషాయం దిగుతుంది. దాన్ని హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు వేస్తే రెండు వారాల్లో పని అదే చూసుకుంటుంది. మొదట్లో సీసాల్లో పోసేవాణ్ణి. ఒక్కో విడతకి యాభై సీసాలు కడగాలి. మూడో విడతకే విసుగొచ్చి, సెకండ్ హ్యాండ్‌లో రెండు కెగ్గులు కొన్నాను.

ఈ కెగ్గుల కథ తమాషాగా ఉంటుంది. ఇవి బీరు కోసం పుట్టినవి కావు. పెప్సీ, కోక్ వాళ్ళు హోటళ్ళకి సోడా సిరప్ పంపించడానికి వాడిన స్టీలు డబ్బాలు. కార్నీలియస్ అనే కంపెనీ పేరు మీద అందరూ వీటిని "కార్నీ కెగ్" అంటారు. 5 గ్యాలన్లు పడతాయి, అంటే దాదాపు 19 లీటర్లు. కూల్‌డ్రింకుల వాళ్ళు సిరప్‌ని అట్టపెట్టెల్లో ప్లాస్టిక్ సంచీలకి మార్చుకున్నాక ఇవన్నీ పాత సామాన్ల కింద మా లాంటి వాళ్ళ చేతికొచ్చాయి.

పైన కోడిగుడ్డు ఆకారంలో ఒక మూత. దాని చుట్టూ ఒక పెద్ద రబ్బరు రింగు. మూతకి అటొకటి, ఇటొకటి రెండు ముక్కులు, ఒకటి గ్యాసు లోపలికి పోవడానికి, ఇంకోటి బీరు బయటికి రావడానికి. ఒక్కో ముక్కు బయట ఒక చిన్న రింగు, దాని కింద లోపలి గొట్టానికి ఇంకో రింగు. మొత్తం ఐదు రింగులు. లోపల పీడనం ఉంటుంది కాబట్టి ఈ ఐదూ సరిగ్గా కూర్చుంటేనే అది కెగ్గు, లేకపోతే స్టీలు బిందె.

మొదటి ఆరు విడతలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఏడోది పులిసింది. బీరులో ఉండాల్సిన పులుపు కాదు, రెండు రోజులు బయట పెట్టిన మజ్జిగ పులుపు. ఎనిమిదోది కూడా అంతే.

మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, వెంటనే డీబగ్గింగ్ మొదలెట్టాను. ఈస్టు మార్చాను. నీళ్ళు మార్చాను. పులియబెట్టే బకెట్టు పారేసి కొత్తది కొన్నాను. కెగ్గులో వేడి నీళ్ళు, క్లీనింగ్ పొడి పోసి రాత్రంతా నానబెట్టాను. టార్చి వేసి చూస్తే లోపల అద్దంలా మెరుస్తోంది. తొమ్మిదోది నేనూ, ఇంకో మిత్రుడూ కలిసి వాళ్ళింట్లో కాచాం. అదీ పులిసింది. "మీ ఇంట్లో కుక్క తిరుగుతుంటుంది కదా, వంటగది శుభ్రంగా లేదేమో" అని అతని మొహం మీదే అనేశాను. పాపం, నవ్వి ఊరుకున్నాడు. అప్పటి నుంచి మళ్ళీ కలిసి కాద్దామని అడగలేదు.

ఇలా ఉండగా 2023 వేసవిలో అమ్మ వచ్చింది.

అమ్మది పుంగనూరు దగ్గర పల్లె. మా ఇంట్లో మందు మాట ఎత్తడం కష్టం. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచారని అందరికీ తెలుసు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం పెట్టారు, 1997లో అది పోయింది. ఈ తేదీలు మనకి జనరల్ నాలెడ్జ్. అమ్మకి అవి అక్కచెల్లెళ్ళ కాపురాలు. అలాంటి మనిషికి కొడుకు గ్యారేజీలో బీరు కాస్తున్నాడని ఎలా చెప్పను? సరంజామా అంతా దుప్పటి కప్పి మూల పెట్టాను. ఖాళీ కెగ్గు ఒకటి మాత్రం, కడిగి బోర్లించింది, బయటే ఉండిపోయింది.

మూడో రోజే చూసింది.

"ఏం రా ఇది, పాల క్యానా?"

"సోడా క్యాను మా." (అబద్ధం కాదు కదా, పుట్టుక సోడాదే.)

మూత చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "సోడా అయితే ఈ పులుపు వాసనేంది?"

నేను నీళ్ళు నమిలాను. ఆమె నా జవాబు కోసం చూడలేదు. మూత తిప్పి, రబ్బరు రింగు కిందికి గోరు పోనిచ్చి, చటుక్కున పీకింది. రింగు కూర్చునే గాడి పొడుగునా గోధుమరంగు జిగురు. వేలితో తీసి నాకు చూపించింది.

"లోపలంతా కడిగినావు సరే. రబ్బరు తీసి కడిగినావా?"

కడగలేదు. ఎప్పుడూ కడగలేదు. కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ప్రతిసారీ దాని మీద శానిటైజరు చల్లి, మెరుస్తోంది కదా అని బిగించేసేవాణ్ణి. మూడు విడతలు, దాదాపు యాభై ఏడు లీటర్ల బీరు, ఒక స్నేహితుడి ముందు పరువు, అన్నీ ఆ గాడిలో ఉన్నాయి.

అమ్మ ఇందులో అనుభవం మామూలుది కాదు. మా పల్లెలో పాల కేంద్రం మా ఇంట్లోనే ఉండేది. పుంగనూరు అంటే ఇప్పుడు అందరికీ ఆ పొట్టి ఆవులు గుర్తొస్తాయి కానీ, అవి ఇచ్చే పాలు తక్కువ. క్యాన్లు నింపింది మాత్రం జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర జాతి ఆవులే. వాన నమ్మలేని మా సీమలో శెనక్కాయ పోయినా ఇల్లు గడిచేది ఆ ఆవుల మీదే. పొద్దున రెండు క్యాన్లు, సాయంత్రం రెండు, ఒక్కోటి 40 లీటర్లు. లీటరుకి అమ్మకి 20 పైసలు కమీషను. రోజుకి 32 రూపాయలు. నా ఇంజినీరింగ్ పునాది ఆ 20 పైసలే.

క్యాన్లు అల్యూమినియంవి, మా భాషలో సత్తువి. వాటి మూతకీ రబ్బరు ఉండేది. వేడి నీళ్ళలో బట్టల సోడా వేసి లోపల బ్రష్షుతో తోమాలి. గొంతు దగ్గర తెల్లగా గార పడితే చింతపండుతో రుద్దాలి. నీళ్ళతో తొలిచి, గుడ్డతో తుడవకుండా ఎండలో బోర్లించాలి. అంతకుముందు కుండల కాలంలో మా అవ్వ దీన్నే బూడిద, పీచు, చింతపండుతో చేసేది.

నేను ఇక్కడ డబ్బులు పోసి కొనే క్లీనింగ్ సరుకుల డబ్బాల మీద ఏముందో అమ్మ వచ్చాక మళ్ళీ చదివాను. మొదట వాడేది క్షారం. సోడియం పెర్‌కార్బొనేటు, మెటాసిలికేటు లాంటివి. కొవ్వునీ, ప్రొటీన్లనీ వదిలించడానికి. బూడిదలో ఉండేది పొటాషియం కార్బొనేటు, అదీ క్షారమే. తర్వాత ఆమ్లం. బీరు పాత్రలకి పట్టే గార కాల్షియం ఆక్సలేటు. పాల పాత్రలకి పట్టేది కాల్షియం ఫాస్ఫేటు, దానికి అంటుకున్న ప్రొటీను. రెండూ సోడాకి లొంగవు, ఆమ్లానికి వదులుతాయి. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ముందు క్షారం, తర్వాత ఆమ్లం, చివర ఎండ. పెద్ద డెయిరీలూ, పెద్ద బీరు ఫ్యాక్టరీలూ తమ ట్యాంకులని కడిగేది ఈ వరసలోనే. ఎండ బదులు ఆవిరో, మందో వాడతారు.

పులిపించే దొంగ కూడా ఒక కుటుంబం వాడే. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా. ఇంట్లో పెరుగు తోడుకునేది వాళ్ళ చుట్టాల వల్లే. పాశ్చర్ 1857లో పాలు పులవడం మీద రాశాడు, 1876లో బీరు జబ్బుల మీద ఏకంగా పుస్తకం వేశాడు. ఈ బాక్టీరియా ఎక్కడైనా గాడి దొరికితే జిగురు కట్టుకుని దాని కింద కూర్చుంటుంది. పైన ఎంత శానిటైజరు చల్లినా లోపలికి దిగదు. మురికి మీద మందు పనిచేయదు. ముందు మురికి పోవాలి, తర్వాతే మందు.

మన భాషలో చెప్పాలంటే, యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాయి, బగ్గు రెండు మాడ్యూళ్ళ మధ్య అతుకులో ఉంది. కెగ్గు లోపలి గోడ అందరికీ కనిపిస్తుంది, అందరూ తోముతారు. మూత బయటా కనిపిస్తుంది. రెండూ కలిసే చోట ఉండే రబ్బరు మాత్రం ఎవరి కంటా పడదు. పైగా బాగా బిగిసింది, గ్యాసు కారట్లేదు అంటే "సీలు బాగుంది" అని మనకో ధైర్యం. సీలుకి లోపలా బయటా తెలియదు. బయట మురికిని లోపలికి రానివ్వదు, నిజమే. లోపల ఉన్న మురికిని బయటికీ పోనివ్వదు.

ఇక్కడితో ఆపేస్తే మంచి టెక్నికల్ టపా అయ్యేది. కానీ అమ్మ ఆ రింగు పీకినప్పుడు నా గుండె జారింది బీరు కోసం కాదు.

1996 మార్చి 9, శనివారం. మీలో చాలామందికి ఆ తేదీ చెప్పక్కర్లేదు. బెంగళూరులో ఇండియా, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. మధ్యాహ్నం మొదలై రాత్రిదాకా సాగిన మ్యాచి. చివర్లో జడేజా కొట్టుడు, సోహైల్‌ని వెంకటేష్ ప్రసాద్ బౌల్డ్ చేయడం. నాకు పద్నాలుగేళ్ళు. టీవీ ఉన్న ఇల్లు రెండు వీధుల అవతల.

క్యాన్లు కడగడం ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఒకటి అమ్మ, ఒకటి నేను. ప్రపంచకప్ మొదలైన దగ్గర్నుంచీ, అంటే దాదాపు మూడు వారాలుగా, నా క్యాను మూత రబ్బరు నేను తీయలేదు. తీస్తే మళ్ళీ ఎక్కించడానికి చాలా సేపు పట్టేది, వేళ్ళు నొప్పెట్టేవి. పైన నీళ్ళు కొట్టి బోర్లించేసేవాణ్ణి. ఆ రోజు లోపల కూడా సరిగా తోమానని ప్రమాణం చేయలేను.

సాయంత్రం పాలు పట్టారు. రోజూ ఏడున్నరకి రావాల్సిన వ్యాను రాత్రి పదకొండుకి వచ్చింది. డ్రైవరు కూడా మనిషే కదా, దారిలో ఎక్కడో టీవీ ముందు ఆగిపోయాడు. ఊరంతా సంబరంలో ఉంది, ఎవరికీ కోపం రాలేదు. పాలలో బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయితే, నాలుగు గంటల్లో ఒకటి నాలుగు వేలు దాటుతుంది. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఒక క్యాను వెనక్కొచ్చింది. చల్లబరిచే కేంద్రంలో కొంచెం పాలు కాచి చూశారు, విరిగిపోయాయి. 40 లీటర్లు. అప్పట్లో మాకొచ్చిన ధర లీటరు ఏడు రూపాయలు, అంటే 280. పదకొండు ఇళ్ళ పాలు. అమ్మ ఎవరి డబ్బూ ఆపలేదు. తొమ్మిది రోజుల కమీషను పోయింది. మా ఇంట్లో ఆ నెల ఏం తగ్గించుకున్నామో నాకు గుర్తుంది, అది ఇక్కడ అనవసరం.

డబ్బుతో పోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఎవరి పాల వల్ల చెడిపోయిందని లెక్క మొదలైంది. ఆ క్యానులో చివర పోసింది పడమటి వీధి ఆవిడ. భర్త లేడు, ఒకటే ఆవు, పూటకి రెండు లీటర్లు. పొద్దుటి పాలు మిగిల్చి సాయంత్రం పాలల్లో కలిపిందని ఎవరో అన్నారు. ఇంకెవరో అవునన్నారు. మూడో రోజుకి అది నిజమైపోయింది. అమ్మ ఆమెని పిలిచి అందరి ముందూ అడిగింది. "నా బిడ్డ మీద ఒట్టు, నేను కలపలేదమ్మా" అని ఏడ్చింది. ఆ తర్వాత మా కేంద్రానికి రాలేదు. కిలోమీటరు పైన నడిచి పక్క ఊరి కేంద్రంలో పోసేది. మా ఇంటి ముందు నుంచే వెళ్ళేది, చేతిలో ఆ రెండు లీటర్ల క్యారియరు పట్టుకుని.

అప్పుడు నాకు తెలియదని చెప్పుకోవచ్చు. కానీ తెలుసు. వ్యాను ఆలస్యం రెండు క్యాన్లకీ ఒకటే. ఎండ ఒకటే, దారి ఒకటే. ఒక్కటే చెడిపోయింది. అమ్మ కడిగింది బాగుంది, నేను కడిగింది పోయింది. ఇంతకంటే స్పష్టమైన ప్రయోగం ఏ ల్యాబులోనూ దొరకదు. ఆ పూట ఎవరూ చూడకుండా ఆ మూత రబ్బరు తీసి చూశాను కూడా. గాడి నిండా పసుపుపచ్చ జిగురు. కడిగేశాను. కడిగేసి ఊరుకున్నాను.

గ్యారేజీలో అమ్మ వేలి మీద ఆ జిగురు చూసేసరికి ఇరవయ్యేడేళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. అది బీరు క్యానని చెప్పేశాను. ఆమె మొహం మారింది కానీ ఏమీ అనలేదు. ఇంక ఒకదాని వెంట ఒకటి, ఆ క్యాను సంగతి కూడా చెప్పేశాను.

ఇలాంటి చోట "నాకప్పుడే తెలుసు నాయనా" అని తల నిమిరే తల్లులు కథల్లో ఉంటారు. అమ్మకి తెలియదు. చాలాసేపు రింగు చేతిలో తిప్పుతూ నిలబడింది.

"ఆయమ్మను నేను ఎన్ని మాటలన్నానో నీకు తెల్దు" అంది. "ఇన్నేండ్లూ అది ఆయమ్మ తప్పే అనుకుంటా ఉన్నా. చచ్చిపోయినప్పుడు చూడను కూడా పోలేదు."

ఆవిడ పోయి అప్పటికి పదేళ్ళు. నాకు ఆ సంగతి కూడా తెలియదు. చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. అందులో సగం అమ్మ నెత్తిన పెట్టాను, అంతే. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. బీరు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి తిట్టుంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుంది. ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆవిడ కోడలి నంబరు సంపాదించింది. స్పీకర్లో పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టింది.

"మీ అత్త పాలు కలపలేదమ్మా. క్యాను మా వాడు కడగలేదు. తప్పు మాది. నేను అందరి ముందరా అడిగినా కదా, ఇప్పుడు నువ్వు అందరికీ చెప్పు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి, అమ్మాయేమిటి, ఆమెకీ నలభై దాటుంటాయి, మెల్లిగా అంది: "మా అత్త చివరి దాకా చెప్పేదత్తా, నేను కలపలేదు అని. మేమే వినీ విననట్టు ఉండేవాళ్ళం."

నేను ఫోను తీసుకుని క్షమించమని అడిగాను. "పోనీలేన్నా" అంది. ఆ మాట క్షమించినట్టో, ఇంకేం చేయగలం అన్నట్టో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే హక్కు కూడా లేదు.

ఆ సాయంత్రమే హిల్స్‌బరో మిత్రుడికి కూడా ఫోను చేసి, తప్పు నీ వంటగదిది కాదు, నా కెగ్గు మూతదని చెప్పాను. "కుక్కకి కూడా సారీ చెప్పు" అన్నాడు. వాడు బతికున్నాడు కాబట్టి అది అంత తేలికగా తీరిపోయింది.

అమ్మ వెళ్ళే ముందు వారం నా ఐదు రింగులూ ఆమే దగ్గరుండి తీయించింది. "ఏమన్నా చేసుకో, తాగి తూలితే మాత్రం నా ఎదురు రావద్దు. కానీ కడిగేది మాత్రం సరిగ్గా కడగల్ల" అని తీర్పు చెప్పింది. దాని ప్రకారం నేను ఇప్పుడు చేస్తున్నది ఇది. కెగ్గులున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను:

ముందు లోపలి పీడనం పూర్తిగా వదిలేయాలి. వాల్వు లాగి, బుస్సుమనడం ఆగాకే ముక్కుల మీద పానా వేయాలి. లేకపోతే ముక్కు తుపాకీ గుండులా ఎగురుతుంది.

మూత రింగు, ముక్కుల రింగులు రెండు, గొట్టాల రింగులు రెండు, ఐదూ విడదీయాలి. ముక్కు లోపల స్ప్రింగుతో ఉండే చిన్న మూత కూడా బయటికి రావాలి. గాడుల్లో పళ్ళ బ్రష్షు తిప్పాలి. పొడుగు గొట్టంలోకి సన్నటి బ్రష్షు పోనివ్వాలి.

దాదాపు 60 డిగ్రీల వేడి నీళ్ళలో క్షారపు పొడి కలిపి అన్నీ అరగంట నానబెట్టాలి. బాగా తొలవాలి. తెల్ల గార కనిపిస్తే ఆమ్లంతో ఒకసారి. స్టీలు పీచు వాడకూడదు, గీతలు పడితే అవే కొత్త గాడులు. బ్లీచింగు వద్దు, అందులోని క్లోరిన్ స్టీలుని కూడా తింటుంది. పైగా ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది.

రింగుకి వాసన పట్టుంటే మొహమాటం లేకుండా మార్చేయాలి. రబ్బరు వాసన పీల్చుకుంటుంది, ఎంత కడిగినా వదలదు. కెగ్గు వందేళ్ళు ఉంటుంది, రింగుది కాఫీ ఖరీదు.

ఆ తర్వాతే శానిటైజరు. నేను వాడే ఫాస్ఫారిక్ ఆమ్లం రకం 19 లీటర్ల నీళ్ళకి 30 మిల్లీలీటర్లు చాలు, ఒకటి రెండు నిమిషాలు తడిసుంటే సరిపోతుంది. మళ్ళీ నీళ్ళతో కడగక్కర్లేదు, గుడ్డతో తుడవకూడదు.

బీరు నింపాక రింగులకి తినే వస్తువులకి వాడే సిలికాన్ జిడ్డు పలచగా రాసి బిగించాలి. 30 పి.ఎస్.ఐ. గ్యాసు ఒక్కసారి కొడితే మూత కూర్చుంటుంది. సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. వాల్వు మూడు నాలుగుసార్లు లాగి పైన మిగిలిన గాలి వదిలేయాలి. తర్వాత పీడనం 10-12కి తగ్గించి ఫ్రిజ్‌లో పెట్టేయడమే.

సబ్బు నీళ్ళ పరీక్షలో పాసవడం అంటే సీలు బిగిసిందని మాత్రమే. శుభ్రంగా ఉందని కాదు. ఆ రెంటికీ తేడా తెలియడానికి నాకు యాభై ఏడు లీటర్ల బీరూ, నలభై లీటర్ల పాలూ పట్టాయి. పాలు నావి కావు.

పదో విడత బాగా వచ్చింది. మిత్రుడికి ఒక కెగ్గు పంపించాను. పాత రింగు మాత్రం పారేయలేదు, గ్యారేజీలో మేకుకి తగిలించాను.